రెండు వందల పందొమ్మిది ముద్రలు

బొమ్మల కచేరీ, నలభై ఒకటో పంటు. రోజువారీ పుస్తకం. రాస్తున్నది: కుడుపూడి హైమావతి, ముద్ర గుమాస్తా.

మునక తరువాత పందొమ్మిదో ఏడు, నాలుగో నెల, 2. పొద్దుటి పోటు.

పంటు ఎడమ మూల మళ్ళీ జానెడు దిగింది. నీళ్ళు తోడించాను. కంప్యూటరు తెరల మీద ఉప్పు తుడిచాను. ముద్ర యంత్రం వేడెక్కితే దాని మీద తడిగుడ్డ వెయ్యకండి మహాప్రభో అని మా పెద్ద ధనుంజయరావు గారికి పదోసారి చెప్పాను. ఆయన పదోసారి తలూపి, పదకొండోసారి వేశారు.

తప్పిపోయిన తమవాళ్ళ బొమ్మలకి ముద్ర వేయించడానికి వచ్చినవారు అరవై నలుగురు. ఎప్పటిలాగే అందరికంటే ముందు యాళ్ళ నూకరాజు గారు. నీళ్ళ మీద తేలే మన పంట్ల ఊరికీ మెట్ట ఒడ్డుకీ మధ్య దాటుడు పంటు నడిపేది ఆయనే. నీళ్ళు ఊళ్ళని మింగిన మునక రోజున చేతిలోంచి జారిపోయిన కూతురు తన్మయి కోసం ప్రతి నెలా రెండో తారీఖున వస్తారు. అప్పటికి ఆ పిల్లకి నాలుగేళ్ళు. తల్లి ఆ రోజే పోయింది. వాన వచ్చినా, జ్వరం వచ్చినా ఈయన రావడం మానలేదు. ఇవాళ్టిది రెండు వందల పందొమ్మిదో ముద్ర.

"పడిందాండీ?" అన్నారు, తెర వైపు చూడకుండా.

"పడిందండి."

ముద్ర బ్రహ్మాండంగా పడింది. మూడు చేపలు, చుట్టూ అక్షరాలు, తేదీ, ఒక్క గీత కూడా చెదరలేదు. దాని కింద తన్మయి ముఖం మాత్రం గోధుమ రంగు గళ్ళ దుప్పటి. రెండు మసక గళ్ళు కళ్ళేమో అనుకోవాలి. బుగ్గ మీద ఒక నల్ల గడి. అంతే. మా కచేరీ ముద్ర ఏళ్ళు గడిచేకొద్దీ నిగనిగలాడుతుంది, పిల్ల ముఖం మాత్రం కరిగిపోతుంది. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

4. ఆటు.

మెట్ట కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. వెతుకుడు జాబితా ఈ నెల ఇరవై ఎనిమిదిన మూసేస్తారట. ఇదివరకు ఎంత చెత్త బొమ్మైనా తీసుకునేవారు. ఇకమీదట బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చెప్పే తేట మార్కు నూటికి డెబ్భై ఉంటేనే చూస్తారట. ఒక్కో పేరుకి ఒక్క బొమ్మ, ఒక్కసారి. ఆనవాలు దొరకని పేర్లన్నీ ఇరవై తొమ్మిదిన పోయినవారి పుస్తకంలోకి ఎక్కిస్తారు. తరువాత ఎవరూ వెతకరు.

తన్మయి బొమ్మను తేట యంత్రంలో పెట్టాను. ముప్ఫై ఎనిమిది.

ఎలా ఉంటుంది మరి? మా పద్ధతి అలాంటిది. ఇంకా వెతుకుతున్నామని ఇంటివాళ్ళు నెలనెలా వచ్చి చెప్పాలి. చెప్పినట్టు రుజువుగా మేం బొమ్మ తెరుస్తాం. పాత ముద్ర పట్టీ కత్తిరిస్తాం, కొత్త పట్టీ కోసం బొమ్మను కాస్త కుదిస్తాం, మళ్ళీ చట్రానికి సరిపడా సాగదీస్తాం, జేపెగ్‌గా దాస్తాం. పాత ప్రతి చెరిపేస్తాం. ఒక మనిషికి రెండు బొమ్మలుంటే ఇద్దరు మనుషులనుకుంటామని మెట్టవాళ్ళు ఏనాడో అన్నారు, ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాం.

జేపెగ్ గుణమేమిటంటే, దాచిన ప్రతిసారీ కొంత పారేస్తుంది. కంటికి పెద్దగా ఆనవనుకున్న వివరాలు ముందు పారేస్తుంది. ఒకసారికైతే ఎవరికీ తెలియదు. చోటు కలిసొస్తుంది కాబట్టి అందరూ మెచ్చుకుంటారు. రెండు వందల పందొమ్మిది సార్లు అదే పని చేస్తే మిగిలేది గళ్ళ దుప్పటే.

ముద్రకి ఆ బాధ లేదు. అది గీతల బొమ్మ. ఇక్కడినుంచి ఇక్కడికి గియ్యి, ఇక్కడ వంచు అనే ఆజ్ఞలుగా దాచి ఉంటుంది. ఎన్నిసార్లు వేసినా, ఎంత పెద్దది చేసినా కొత్తదే. కచేరీ తన మొహాన్ని మాత్రం భద్రంగా దాచుకుంది.

5. పొద్దుటి పోటు.

ధనుంజయరావు గారికి చెప్పాను. ఆయన మీసం దువ్వుకుంటూ విని, "ఓస్, ఇంతేనా? పీఎన్‌జీలో ఏదీ పోదంటారు కదమ్మా. అన్నీ పీఎన్‌జీ చేసేస్తే సరి," అన్నారు.

మధ్యాహ్నానికి చేసేశారు కూడా! పదకొండు వేల ఫైళ్ళకీ చివర జేపెగ్ అని ఉన్నచోట పీఎన్‌జీ అని పేరు మార్చి పారేశారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. సగం తెరుచుకోవడమే మానేశాయి. సాయంత్రం దాకా కూర్చుని ఆ పేర్లన్నీ వెనక్కి మార్చాను. నా మెడ పట్టేసింది.

"పేరు మారిస్తే జాతి మారదండి. పోనీ నిజంగానే పీఎన్‌జీలోకి మార్చినా, అది ఉన్నదాన్ని పోకుండా దాస్తుంది గానీ పోయినదాన్ని తెచ్చి ఇవ్వదు."

"అదేమిటమ్మా, పీఎన్‌జీ మంచిదంటారు కదా?"

"వడ్లు దంపితే బియ్యం వస్తాయి. బియ్యాన్ని మళ్ళీ దంపితే నూకలు, నూకల్ని దంపితే పిండి. ఆ పిండిని ఎంత గట్టి డబ్బాలో పోసి మూతపెట్టినా మళ్ళీ బియ్యం అవుతుందాండి?"

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితే పెద్ద డబ్బా కావాలంటావు," అన్నారు.

గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం. గోడ కనీసం నా జాకెట్టుకి సున్నం అంటిస్తుంది.

8. ఆటు.

ఇవాళ ఒక సంగతి బయటపడింది, అప్పటినుంచీ అన్నం సయించడం లేదు.

ముద్రకి రావడం ఎప్పుడో మానేసినవాళ్ళ బొమ్మలు తీసి చూశాను. రెండు నెలలు వచ్చి విసుగెత్తి మానేసిన ఒకాయన అన్నగారి బొమ్మకి ఎనభై ఎనిమిది మార్కులు. అసలు ఒక్కసారీ రానివాళ్ళ బొమ్మల్లో చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. ఏడాదికోసారి గుర్తొచ్చి వచ్చేవాళ్ళవి ఫరవాలేదు. నెల తప్పకుండా వచ్చినవాళ్ళవే నాశనమయ్యాయి. ఎవరు ఎక్కువ వెతికితే వాళ్ళ మనిషే ఎక్కువ చెరిగిపోయింది.

నూకరాజు గారి రెండు వందల పందొమ్మిదిలో నూట ముప్ఫైకి పైగా నా చేతి మీదుగా వేసినవే. ధనుంజయరావు గారిని తిట్టుకున్నంత తేలిగ్గా నన్ను తిట్టుకోలేకపోతున్నాను. పదకొండేళ్ళు రోజూ చూస్తూ ముద్ర తిన్నగా పడిందా లేదా అన్నదే చూశాను. సిగ్గుగా ఉంది.

ఆయన్ని పిలిపించి చెప్పేశాను. పంటు నడిపే మనిషి కదా, రెక్కలు గట్టివి, చెంప పగలగొట్టినా నిలబడదామనుకునే చెప్పాను. ఆయన తెర దగ్గరికి వంగి చూశారు.

"అంటే నేను రాకపోయుంటే బాగుండేదాండీ?"

తుడిచిన తెరనే మళ్ళీ తుడిచాను.

"ఆ నల్లటిదేంటండి, బుగ్గ మీద?"

"పుట్టుమచ్చ కదండి? మెట్టవాళ్ళు దాన్ని పట్టుకునే వెతుకుతున్నారు."

"పుట్టుమచ్చేంటండి బాబూ! అది దిష్టి చుక్క. ఆళ్ళమ్మ కాటుకతో పెట్టింది. ఫోటో తీత్తన్నారంటే దిష్టి తగులుద్దని."

ఈ పందొమ్మిదేళ్ళలో ఈయన్ని మూడుసార్లు మెట్టకి రప్పించారు, మీ అమ్మాయిలా ఉంది వచ్చి చూసుకొమ్మని. మూడుసార్లూ ఒట్టి చేతులతో తిరిగొచ్చారు.

"ఆ ముగ్గురికీ బుగ్గ మీద ఇంతేసి మచ్చండి," అన్నారాయన. "ఎందుకు పిలుత్తున్నారో నాకు తెలిసేది కాదండి. మా పిల్లకి మచ్చ లేదు. ఎడం కనుబొమ్మ మీద గాటుంటాది. కొబ్బరి చిప్ప గీసుకుంది."

గాటు సన్నది కాబట్టి జేపెగ్ దాన్ని ముందే పారేసింది. కాటుక చుక్క నల్లగా దిట్టంగా ఉంది కాబట్టి భద్రంగా ఉంచి, గడి చేసి, మచ్చని చేసింది. దిష్టి తగలకూడదని తల్లి పెట్టిన చుక్క పిల్లని పందొమ్మిదేళ్ళు దొరక్కుండా చేసిందంటే, దీన్ని ఎవరి నెత్తిన కొట్టాలి?

12. పొద్దుటి పోటు.

వేరే ప్రతి కోసం పంటు పంటూ తిరుగుతున్నాం. నూకరాజు గారి వదిన ట్రంకుపెట్టెలో పాత ఫోను దొరికింది. ఎండబెట్టి, తుప్పు గీకి, ఎలాగో వెలిగించాను. అందులో తన్మయి కొవ్వొత్తులు ఊదుతోంది, ఊది మళ్ళీ ఊదుతోంది, ఆగకుండా ఊదుతూనే ఉంది. జిఫ్ అంటారు ఇలా ఆడుతూనే ఉండే బొమ్మని. నూకరాజు గారు నోరు తెరిచి అలాగే చూస్తుండిపోయారు. నేనూ తెర ఆపలేకపోయాను.

కానీ దానితో పని జరగదు. జిఫ్‌కి రంగులు రెండు వందల యాభై ఆరు మించవు. మనిషి చర్మానికి అవి ఏ మూలకీ చాలవు, ముఖమంతా మరకలు మరకలుగా ఉంది. పైగా ముఖం బఠాణీ గింజంత. నలభై ఒక్క మార్కులు.

"ఆ పుట్టినరోజుకే, మీ కాడున్న ఫోటోతోనే ఫ్లెక్సీ కట్టించానండి," అన్నారు నూకరాజు గారు ఉన్నట్టుండి. "రాంపండు గారి కొట్లో. నిలువెత్తుది."

ఈ ముక్క పది రోజుల ముందు చెప్పుంటే నా మెడనొప్పి తగ్గేది. ఫ్లెక్సీ కోసం ముఖం చుట్టూ కత్తిరించి, వెనక ఏమీ లేకుండా పీఎన్‌జీగా దాస్తారు. జేపెగ్‌కి ఆ వెనక ఖాళీ తెలియదు, తెల్లటి ముక్కైనా అంటిస్తుంది. పీఎన్‌జీ అయితే ఒక్క చుక్క కూడా పోదు.

15. ఆటు.

కడలి రాంపండు గారికి డెబ్భై దాటాయి. మునకకి ముందు ఆ చుట్టుపక్కల పెళ్ళీ, పుట్టినరోజూ, పెద్దకర్మా ఏదైనా ఆయన ఫ్లెక్సీ లేకుండా జరిగేది కాదట. ఇప్పుడు పంట్ల మీద పేర్లు రాస్తారు. ఇల్లు మునుగుతుంటే అందరూ బంగారం పట్టుకుంటే ఈయన హార్డ్ డిస్కులు పట్టుకున్నారు. రబ్బరు సంచిలో చుట్టి ఇంకా దాచుకున్నారు.

పీఎన్‌జీ దొరికింది. తేట మార్కు తొంభై నాలుగు! నేను రాంపండు గారికి దణ్ణం పెట్టినంత పని చేశాను. ప్రతి వెంట్రుకా విడివిడిగా ఉంది. పంపడమే తరువాయి అని ఫైలు కట్ట కడుతుంటే నూకరాజు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"గాటు లేదండి."

చూశాను. నిజమే. కనుబొమ్మ నున్నగా ఉంది. ముఖం పాలల్లో ముంచి తీసినట్టుంది. దిష్టి చుక్క మాత్రం గుండ్రంగా, బొట్టుబిళ్ళలా అందంగా ఉంది.

"రాంపండు గారూ! ఏం చేశారండీ పిల్లని?"

"ఏం చేత్తానండి? కలర్ తగ్గిందని తెలుపు పెట్టేను. గాటు కొట్టేసేను. చుక్క చెరిగిపోయుంటే గుండ్రంగా దిద్దేను. పుట్టినరోజు ఫ్లెక్సీ కదండీ, నల్లగా వేత్తే జనం నన్నంటారు."

"జనం మొహం మండా! ఇదే పంపి ఉంటే తెల్లటి పిల్ల, గాటు లేని పిల్ల, మచ్చ ఉన్న పిల్ల కోసం వెతికేవారు. ఉన్నదొక్క అవకాశం!" నా గొంతు నాకే కర్ణకఠోరంగా వినిపించింది. పీఎన్‌జీ తన పని తాను చేసింది. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు దాచింది. ఇచ్చినది అబద్ధమైతే అబద్ధాన్నే పొల్లు పోకుండా దాచింది. మా తేట యంత్రం దానికి తొంభై నాలుగు వేసింది.

"ఆయన్నేం అనకండమ్మా," అన్నారు నూకరాజు గారు. తల దించుకునే ఉన్నారు. "తెల్లగా చెయ్యమన్నది నేనేనండి. మా బావమరుదులంతా నవ్వుతారని. గాటు తీసెయ్యమన్నదీ నేనే."

ఇంకేమనను? నేను ముద్రలేసి చెరిపాను, ఆయన తెల్లగా చేయించి చెరిపారు. ఎవరిని కోప్పడతాను?

కాసేపటికి నాకే తట్టింది. "రాంపండు గారూ, ఫ్లెక్సీ పనంతా ఒకదాని మీద ఒకటి పొరలుగా చేస్తారు కదా. అక్షరాలొక పొర, బెలూన్లొక పొర, ముఖమొక పొర. ఆ పొరల ఫైలు ఉందా?"

ముసలాయన సంచి గుండెకి హత్తుకున్నారు. "వర్కింగ్ ఫైలా? అది ఇవ్వమండి. డిజైనరన్నోడు వర్కింగ్ ఫైలు ఇచ్చేత్తే ఇంక ఆడి దగ్గర ఏం మిగుల్తాదండి? మా గురువు గారికి ఒట్టేసేను."

"ఫ్లెక్సీ గుడ్డే లేదు ఈ లోకంలో! ఎవరొచ్చి మీ డిజైను కాపీ కొడతారండీ, చేపలా?"

ఆయన కదల్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను నోరు చేసుకోబోతుంటే నూకరాజు గారు అడ్డొచ్చారు.

"అన్నయ్యా, ఫైలు ఇవ్వొద్దులే. ఒట్టు తప్పొద్దు. ఓసారి తెరిచి సూపించు. సూత్తాను, అంతే."

రాంపండు గారు తెరిచారు. డిస్కు రెండుసార్లు మూలిగింది. ముందు జన్మదిన శుభాకాంక్షలు అన్న అక్షరాల పొర ఆర్పారు. తరువాత బెలూన్లు. తరువాత వరసగా నవ్వుతున్న ఆరుగురు మేనమామలు. తరువాత ఆ పాలపొర. ఆ అడుగున, కెమెరా ఒక్కసారి దాచిన బొమ్మ ఉన్నది ఉన్నట్టుంది. నల్లటి, నూనె కారుతున్న ముఖం. బుగ్గ మీద వేలితో పెట్టిన కాటుక, కొంచెం పక్కకి జారి. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన గాటు.

నూకరాజు గారు తెర మీద ఆ గాటు దగ్గర వేలు పెట్టి, తుడిచెయ్యకూడదన్నట్టు వెంటనే తీసేశారు.

రాంపండు గారు ముక్కు చీదుకుని, "ఆ కింద పొర ఒక్కటే తీస్కోండి. అది నా డిజైను కాదు కదండీ," అన్నారు.

17. పొద్దుటి పోటు.

అడుగు పొరకి తొంభై ఒకటి. ఇప్పుడు ధనుంజయరావు గారు అడ్డం పడ్డారు. ముద్ర పట్టీ లేకుండా బొమ్మ కచేరీ దాటకూడదట.

"పట్టీ వేస్తే బొమ్మ కుదించాలండి. గాటు వెంట్రుకంత ఉంది. పోతే మళ్ళీ రాదు."

"మరి పోకుండా ఉండేదాంట్లో పంపమ్మా. బీఎంపీ ఉంది కదా."

"అది ఒక్కో చుక్కా విడివిడిగా రాసుకుంటూ పోతుంది. ఆ ఒక్క బొమ్మ మన తీగలో దూరాలంటే ఇరవై ఎనిమిది దాటిపోతుంది. మెట్టవాళ్ళు ఎలాగూ జేపెగే తీసుకుంటారు. జేపెగ్ చెడ్డది కాదండి. ఒక్కసారికి, మంచి నాణ్యతతో, కుదించకుండా అయితే చాలు. మాటిమాటికీ తెరిచి దాచే మనమే చెడ్డవాళ్ళం. ముద్రని బొమ్మతో పంపే పై ఉత్తరం మీద వెయ్యండి."

"రూలు ఒప్పుకోదు."

అప్పుడు, చెప్పకూడదనుకున్న మాట చెప్పేశాను. "మీ తమ్ముడి బొమ్మ చూద్దామాండీ?"

ఆయన కూడా నెలనెలా ముద్ర వేయించుకుంటారు, మొదటి తారీఖున, తలుపులు తెరవకముందే. తెర వైపు చూడరు. ఇవాళ తెరిచి చూపించాను. ఆయన యంత్రం మీది తడిగుడ్డ తీసి, పిండి, ముఖం తుడుచుకున్నారు. పై ఉత్తరం తెమ్మని, దాని మీద ముద్ర వేసి సంతకం పెట్టారు. రూలు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

రేపటినుంచి ఎవరి బొమ్మా తెరవం, పక్కన కాగితం మీద ముద్ర వేస్తాం అని ఉత్తర్వు రాశారు. చేతులు కాలాక ఆకులు. అయినా ఆకులే నయం.

22. ఆటు.

జవాబు లేదు. నూకరాజు గారు రేవు తప్పి రెండుసార్లు పంటు గుద్దారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

26. పొద్దుటి పోటు.

వచ్చింది. మెట్టలో నారుమళ్ళ శిబిరం, పేరు తెలియని పిల్లల పుస్తకంలో ఎనిమిది వందల మూడో వరస. వాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉంది. వయసు ఇరవై మూడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. మెట్టకి వెళ్ళినప్పుడు ఆయన ఇచ్చిన రక్తంతో కూడా సరిపోయింది. తండ్రి ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళవచ్చని రాశారు. కింద కొత్త బొమ్మ.

నూకరాజు గారికి కబురు పెట్టాను. రేవులో పంటు వదిలేసి పరుగున వచ్చారు. తెర ఆయన వైపు తిప్పాను. ఈ పదకొండేళ్ళలో మంచి కబురుతో ఆ తెర జనం వైపు తిప్పడం ఇదే మొదలు.

ఆయన చూస్తూనే ఉన్నారు. నాకు మళ్ళీ భయం వేసింది.

"ఏమండీ? కాదా?"

"నల్లగా ఉందండి," అన్నారు. నవ్వుతూనే ఏడుస్తున్నారు. "అచ్చం ఆళ్ళమ్మలాగే నల్లగా ఉందండి."

నేను కూడా ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, జేబులోంచి తన కార్డు తీసి బల్ల మీద పెట్టారు. పందొమ్మిదేళ్ళ అలవాటు.

"ముద్ర ఎయ్యండమ్మా. కొత్త బొమ్మ వచ్చింది కదండీ."

కార్డు ఆయన చేతిలోనే పెట్టేశాను. బొమ్మ మూయబోతే యంత్రం ఎప్పటిలాగే అడిగింది, మళ్ళీ దాచమంటారా అని.

వద్దు అన్నాను.